ఒక్కసారి నొక్కి చెయ్యి తియ్యి

ఆ రోజుల్లో, అంటే మరీ పాత కాలమేం కాదు, చవక స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజుల్లో, మా ఇంట్లో బటన్ అన్నది చాలా గంభీరమైన విషయం. ఇప్పుడు మా ఆఫీసులో పిల్లలు లిఫ్టు ఆలస్యమైతే చాలు, పగబట్టినట్టు ఆ బటన్‌ను పొడుస్తూనే ఉంటారు. చూస్తుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మా ఇంట్లో మిక్సీ అయినా, బోరు మోటారు అయినా, ఆఖరికి టీవీ రిమోట్ అయినా ఒక్కసారే నొక్కాలి. నొక్కి చెయ్యి తీయాలి. తీసి, కాసేపు నిలబడి చూడాలి. ఇది మా బాపు పెట్టిన చట్టం. దీన్ని మీరితే బాపు తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, బాధపడేవాడు. (తిడితే ఎదురు చెప్పొచ్చు. బాధపడే మనిషితో ఏం వేగగలం?)

బాపు బొంతపల్లి పక్కన ఒక మందుల కంపెనీలో ఆపరేటర్. పెద్ద పెద్ద పాత్రల్లో మందు సరుకు ఉడుకుతుంటే దాన్ని కలియబెట్టే మోటార్లను నడపడం ఆయన పని. కంట్రోల్ రూంలో గోడ పొడవునా బటన్లు, ఒక్కో బటన్ పైన ఒక ముల్లు మీటరు. బటన్ నొక్కగానే మోటారు కరెంటును ఒక్కసారిగా గుంజుకుంటుందట, ముల్లు పైకి లేస్తుందట. అది నెమ్మదిగా కిందికి వచ్చేదాకా ఆగాలి. దాన్నే బాపు 'ఆంప్స్ దిగుడు' అనేవాడు. పనిలో చేరిన కొత్తలో తొందరపడి మోటారును వెంటవెంటనే స్టార్ట్ చేయబోతే పెద్ద ఆపరేటర్ స్కేలుతో వేళ్ల మీద కొట్టాడట. ఆ దెబ్బ ఆయన వేళ్లలోనే ఉండిపోయింది. అమ్మ మాత్రం ఎవరు వచ్చినా ఒకటే కథ చెప్పేది: "పెండ్లిల తలంబ్రాలు గూడ గిట్లనే పోసిండు ఈయన. ఒక్కసారి పోసి, చెయ్యి తీసి, నా మొకం సూస్కుంట నిలబడ్డడు. నా ఆంప్స్ ఎప్పుడు దిగుతయో అని."

మేముండేది వరుస గదుల్లో ఒక గది. అందరూ కంపెనీల వాళ్లే, అందరివీ కిరాయి బతుకులే, అందరికీ కలిపి వెనక ఒకటే స్నానాల గది. సాయంత్రం గాలి మా వైపు తిరిగితే బట్టలు ఆరేసిన తీగ దగ్గర నుంచి అన్నం గిన్నె దాకా మందుల వాసన. ఆ వాసన పీల్చి ఏ కంపెనీలో ఏ సరుకు నడుస్తోందో బాపు చెప్పేవాడు. మేం దాన్ని విద్య అనుకునేవాళ్లం. రాత్రి దగ్గు కూడా దానితోపాటే వచ్చేదని అప్పట్లో ఎవరమూ అనుకోలేదు.

ఇక నా సంగతి. మా సర్కారు బడిలో తొమ్మిదో తరగతి నుంచి ఐటీ అనే సబ్జెక్టు పెట్టారు. పదిలో దానికి రాత పరీక్షతోపాటు ప్రాక్టికల్ కూడా ఉంటుందని, దానికి బయటి నుంచి పరీక్షాధికారి వస్తాడని చెప్పారు. ల్యాబ్ అంటే బయట చెప్పులు విడిచి పోయే గది. లోపల కంప్యూటర్లు చాలానే ఉన్నాయి, కాని వాటిలో ప్రాణమున్నవి కొన్నే. ఒక్కోదాని చుట్టూ మేం ఇంత మందిమి మూగేవాళ్లం. నా వంతు వచ్చేసరికి కరెంటు పోయేది. ల్యాబ్ సార్ కాంట్రాక్టు మనిషి, జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. "సార్, ప్రాక్టికల్ పాసైతమా?" అని అడిగితే, "నా నౌకరికే గ్యారంటీ లేదు, మీ పాసుకు నేనేం గ్యారంటీ ఇయ్యాలె?" అని కిటికీలోంచి బయటికి చూసేవాడు. అంత నిజాయితీ గల ఉపాధ్యాయుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

ఇలా నా ఏడుపేదో నేను ఏడుస్తుంటే, నేను పదిలో ఉండగా చలికాలంలో ఒకరోజు బాపు డ్యూటీ దిగి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలపకుండా ఊరికే చూస్తూ ఉండిపోయాడు.

"కంట్రోల్ రూం మొత్తం కంప్యూటర్ చేస్తరంట," అన్నాడు. "గోడ మీది బటన్లన్నీ పీకేస్తరంట. ఎండాకాలం రాకముందే ఆపరేటర్లకు పరీక్ష పెడ్తరు. పాసైనోళ్లు లోపల, కానోళ్లు డ్రమ్ముల యార్డుకు."

"నీ నడుముతోని డ్రమ్ములా?" అంది అమ్మ. బాపుకు నడుము నొప్పి. చొక్కా లోపల బెల్టు కట్టుకుని డ్యూటీకి పోయేవాడు. యార్డు అంటే ఎండలో, వానలో నిండు డ్రమ్ములు దొర్లించడం, లారీ ఎక్కించడం. ఆయన నడుముకు అది ఎన్నాళ్ల పనో మాకు తెలుసు.

"గందుకే పాస్ కావాలె," అన్నాడు బాపు. తర్వాత నా వైపు తిరిగి, "బిడ్డా, నీ పుస్తకంల ఉన్నదే నాకు గూడ అడుగుతరంట. ఒక్క పుస్తకం సాలదా ఇద్దరికి?" అన్నాడు.

అలా మా ఇంట్లో పరీక్షకు చదివేవాళ్లు ఇద్దరయ్యాం.

బాపుతో పాటు పనిచేసే చాచా ఒకాయన ఉండేవాడు. (మాకు చుట్టమేమీ కాదు. చిన్నప్పటి నుంచి చాచా అనే పిలిచాం, అసలు పేరు అడగాలని ఎప్పుడూ తోచలేదు.) ఆయనకూ అదే పరీక్ష. కంపెనీ కాటా దగ్గర, అంటే లారీలు తూచే గదిలో, కొత్త కంప్యూటర్ వస్తే పాతదాన్ని తుక్కులో వేయబోతున్నారట. చాచా అడిగి, గేటు పాసు రాయించుకుని, దుప్పట్లో చుట్టి, స్కూటర్ మీద మా ఇంటికి తెచ్చాడు. జ్వరమొచ్చిన పిల్లను ఆస్పత్రికి తెచ్చినట్టు జాగ్రత్తగా దించాడు. ఇన్నేళ్లూ లారీల నంబర్లు మాత్రమే కొట్టిన కీబోర్డు అది. అంకెలన్నీ అరిగిపోయాయి. అక్షరాల్లో టీ, ఎస్, ఏ, పీ మాత్రం అరిగి, మిగతావన్నీ నిన్న కొన్నట్టు మెరుస్తున్నాయి. స్విచ్ వేశాక అది లేచేలోపు అమ్మ ఒక వాయి రొట్టెలు కాల్చేది.

చదువులో బాపు నాకన్నా శ్రద్ధ. డ్యూటీ బట్టలు మార్చి, కాళ్లు కడుక్కుని, తల దువ్వుకుని పుస్తకం ముందు కూర్చునేవాడు. కంప్యూటర్ ముందు ఎలా కూర్చోవాలో చెప్పే పాఠం ఒకటి ఉంది, నడుము నిటారుగా, మోచేతులు ఇలా, కళ్లు అలా అని. అది ఆయనకు తెగ నచ్చేసింది. నడుము గురించి పట్టించుకున్న పుస్తకం అదొక్కటే అన్నాడు. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రంలోని అన్ని పనులనూ నడిపించేది అని నేను గట్టిగా చదువుతుంటే ఆపి, "నడిపిచ్చెటోణ్ణి నేనున్న గదా, మల్ల గిదేంది?" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. అప్పుడు మాత్రం నిజంగానే నవ్వాం.

చిక్కంతా మౌస్ దగ్గర వచ్చింది. ఫైలు తెరవాలంటే దాని బొమ్మ మీద రెండుసార్లు వెంటవెంటనే నొక్కాలి. బాపు ఒక్కసారి నొక్కేవాడు. చెయ్యి తీసేవాడు. ఒళ్లో పెట్టుకునేవాడు. తెర వైపు చూసేవాడు.

"ఇంకోసారి నొక్కాలె బాపూ."

"ఆగు, దిగనీ."

"ఏం దిగాలె? గిది మోటారు గాదు!"

"కరెంటుతోనే నడుస్తది గదా," అనేవాడు శాంతంగా. అప్పుడు ఇంకోసారి నొక్కేవాడు, మళ్లీ చెయ్యి తీసేవాడు. కంప్యూటర్ దృష్టిలో అది రెండు వేర్వేరు రోజుల్లో జరిగిన పని. బలవంతంగా రెండోసారి నొక్కిద్దామని వేలు పట్టుకుంటే ఆ వేలు కట్టెలా బిగుసుకునేది. కోపం వచ్చి, నేనే మౌస్ లాక్కుని టకటకా నొక్కితే ఆ ముసలి యంత్రం బిక్కచచ్చిపోయి, తెర నీలంగా మారి, మళ్లీ మొదటి నుంచి లేచేది. "సూసినవా? నొక్కినంక చెయ్యి తియ్యమన్న," అని బాపు నా మణికట్టు పట్టుకుని మౌస్ మీది నుంచి తీసి నా ఒళ్లో పెట్టేవాడు. సాయంత్రాలన్నీ ఇదే తంతు. ఆయన చేతికి నేను రెండు నేర్పుతుంటే, నా చేతికి ఆయన ఒకటి నేర్పుతున్నాడన్నది నాకు తట్టనే లేదు.

చాచా వచ్చి కూర్చునేవాడు కాని ఆయన చూపు మౌస్ కన్నా అమ్మ చేసే చాయ్ మీదే ఎక్కువ. "నాతోని కాదమ్మా, వేళ్లకు దిమాక్ లేదు," అని ముందే చేతులెత్తేశాడు. బాపు ఎత్తలేదు. కంచం బోర్లించి దాని మీద వేలితో సాధన చేసేవాడు. టక్. ఆగి, టక్. అమ్మ చూసి చూసి, "జెర జల్దీ కొట్టు, పాలోడు గూడ గింత ఆగడు," అనేది. పరీక్ష దగ్గర పడేకొద్దీ ఆయన అన్నం తగ్గింది. నాకు భయం పట్టుకుంది. నా పరీక్ష గురించి కాదు. ఎండలో డ్రమ్ము తోస్తూ వంగిన బాపు నడుము కళ్లలో మెదిలి, పుస్తకంలో అక్షరాలు ఆనేవి కావు.

పరిష్కారం ఎక్కడ దొరికిందో చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. ఒక పొద్దున నేను ఉమ్మడి స్నానాల గదిలో ఉన్నాను. తలుపు మీద టక్‌టక్‌మని చప్పుడైంది. చక్కగా, వెంటవెంటనే, మధ్యలో ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా. "లోపటెవరు?" అంది బాపు గొంతు. నేను తలకు సబ్బుతోనే గావుకేక పెట్టాను: "బాపూ! గదే! గట్లనే కొట్టాలె!" చుట్టుపక్కల వాళ్లంతా పామేదో వచ్చిందని కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఏళ్ల తరబడి డ్యూటీ బస్సు తప్పిపోతుందనే భయంతో ఆ తలుపు కొట్టిన చెయ్యి అది. రెండు దెబ్బలు దానికి ఎప్పటి నుంచో వచ్చు. బటన్ దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతోంది, అంతే.

ఆ సాయంత్రం బాపు కంప్యూటర్ ముందు నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని, స్నానాల గది తలుపును తలుచుకుని, టక్‌టక్ అన్నాడు. ఫైలు తెరుచుకుంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ పిండి చేతులతోనే వచ్చి చూసింది. ఆ తర్వాత బాపు ఆగలేదు. ఏ ఫైలు తెరిచినా టక్‌టక్ అని, "లోపటెవరు?" అని చిన్నగా అనేవాడు. అది అనకపోతే వేలు కదిలేది కాదు మరి.

ముందు నా ప్రాక్టికల్ వచ్చింది. పరీక్షాధికారి మెదక్ వైపు నుంచి వచ్చాడని చెప్పుకున్నారు. సన్నగా, విసుగ్గా ఉన్నాడు. నా వెనక నిలబడి, నువ్వు చేసిన మార్కుల పట్టిక తెరిచి చూపించమ్మా అన్నాడు. తెరవడం నాకు మంచినీళ్ల ప్రాయం. బొమ్మ మీద బాణం పెట్టాను. ఒక్కసారి నొక్కాను. నా చెయ్యి దానంతటదే లేచి ఒళ్లోకి వచ్చి కూర్చుంది. నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఏమైందమ్మా? రాదా?" అన్నాడాయన.

"ఆంప్స్ దిగాలె సార్," అన్నాను నేను.

ఏం దిగాలి అని ఆయన వంగి తెరలోకి చూశాడు. ల్యాబ్ సార్ గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. (ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన నవ్వగా నేను ముందెప్పుడూ చూడలేదు కదా.) వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు కాలిపోతుండగా మళ్లీ నొక్కాను, ఈసారి సరిగ్గానే. పట్టిక తెరుచుకుంది. మార్కులు బాగానే వేశాడు, పాపం. కాని బడి విడిచిపెట్టేదాకా నా పేరు ఆంప్స్. ఇంటికి వచ్చి ఏడుస్తూ చెబితే బాపు నవ్వలేదు.

"ఆంప్స్ దిగినంక తెరుచుకున్నదా?" అని అడిగాడు.

"తెరుచుకున్నది."

"మరి ఇంకేంది?" అన్నాడు. అంత సూటిగా అడిగితే ఎంతసేపని ఏడుస్తాం.

తర్వాత బాపు పరీక్ష. కంపెనీ వాళ్లు పట్నం నుంచి ఒక కుర్ర శిక్షకుణ్ణి పిలిపించి, మామూలు ఆఫీసు కంప్యూటర్ల మీద పెట్టారు. ఫైలు తెరువు, పేరు కొట్టు, మూసెయ్యి. చాచా మౌస్‌ను గాల్లోకి ఎత్తి చూపించి, సలాం చెప్పి బయటికి వచ్చేశాడట. బాపు పాసయ్యాడు. సాయంత్రం జిలేబీ పొట్లంతో వచ్చి, తలుపు తీసే ఉన్నా దాని మీద టక్‌టక్ అన్నాడు. అమ్మ ఆ రాత్రి వరుస గదులన్నింటికీ జిలేబీ పంచి, "మా ఆయన కంప్యూటర్ నడుపుతడు," అని చెప్పి వచ్చింది. చాచా ఇంటికి మాత్రం బాపే స్వయంగా పోయాడు. తిరిగి వచ్చాక తన వంతు జిలేబీ ముట్టకుండానే పడుకున్నాడు. మర్నాటి నుంచి చాచా యార్డులో.

వానలు మొదలయ్యాక, కంట్రోల్ రూంలో బటన్లు పీకేసి కంప్యూటర్లు పెట్టిన కొత్తలో, ఒక సాయంత్రం బాపు వచ్చి గడప మీద కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు. లోపలికి రాలేదు. అమ్మ నీళ్లిస్తే పట్టుకుని అలాగే ఉన్నాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

"బిడ్డా, గా కొత్త కంప్యూటర్ల మోటారు బొమ్మ ఉంటది. దాని మీద ఒక్కసారి నొక్కితే షురువైతది. ఇంకోసారి నొక్కితే బందైతది."

నాకు అప్పటికే అర్థమైంది. అయినా ఆయన చెప్పాడు.

"నేను టక్‌టక్ అన్న."

మోటారు అలా మొదలై ఇలా ఆగింది. అన్నాళ్లూ గోడ మీద ఎదురుగా ఉండే ముల్లు ఇప్పుడు తెరలో వేరే పేజీలో ఉంది. చెయ్యి తీసి, నిలబడి చూసే అలవాటును మేమిద్దరం కష్టపడి మాన్పించాం. కలిపేది లేక పాత్రలో సరుకంతా అడుగున బండలా గడ్డకట్టింది. దాన్ని సుత్తులతో పగలగొట్టి తీయడానికి మనుషులను దించాల్సి వచ్చిందట. పాత బటన్లు అలాగే ఉంటే ఆయన బతుకులో ఈ తప్పు జరిగేది కాదు. డబుల్ క్లిక్ నేర్చుకోకుండా ఫెయిలయి ఉంటే కూడా జరిగేది కాదు. "నేనే నేర్పిన గదా," అన్నాను.

"నువ్వు మంచిగనే నేర్పినవ్," అన్నాడు బాపు. "నా చెయ్యి జెర ఎక్కువ నేర్సుకున్నది, గంతే."

మర్నాడు ఆయనకు కాగితం ఇచ్చి యార్డుకు పంపారు. నడుం బెల్టు బిగించుకుని పోయేసరికి చాచా ఒక డ్రమ్ము మీద కూర్చుని బీడీ చుట్టుకుంటున్నాడట. (అక్కడ కాల్చనివ్వరు. చుట్టి జేబులో పెట్టుకోవడమే.) పక్కకు జరిగి చోటిచ్చి, "నేను ఫెయిలై వచ్చిన, నువ్వు పాసై వచ్చినవ్. ఫరక్ ఏముంది భాయ్?" అన్నాడట. ఈ మాట బాపు ఇంట్లో నవ్వుతూ చెప్పాడు. అమ్మ నవ్వలేదు. ఆ రాత్రి నుంచి ఆయన నడుముకు వేడి నీళ్ల కాపడం పెట్టడం మా ఇంట్లో అన్నం వండటం లాంటి పని అయింది. మొదట్లో అమ్మ పెట్టేది, తర్వాత నేను. అలా యార్డులో కొన్నేళ్లు లాక్కొచ్చి, ఇక వంగితే లేవలేని రోజున పని మానేశాడు.

ఇప్పుడు మేం పటేల్‌గూడలో ఉంటున్నాం. స్నానాల గది మాకు మాత్రమే సొంతం. నేను పటాన్‌చెరు హైవే మీద ఒక గోదాములో కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ లారీ ఏ సరుకు ఎత్తుకుందో చూసే పని చేస్తున్నాను. ఫైలు మీద ముందు ఒకసారి నొక్కి చెయ్యి తీసేస్తాను, తెరిచే టక్‌టక్ ఆ తర్వాతే. పక్క సీటు పిల్ల, "అక్కా, నీ మౌస్ పాడైందా?" అని వారానికోసారైనా అడుగుతుంది. లేదమ్మా, మా ఇంటి అలవాటు అంటాను. బాపు మాత్రం ఇప్పుడు అన్నీ టక్‌టక్‌మని రెండుసార్లే నొక్కుతాడు. ఫ్యాను వేసిన చేత్తోనే ఆపేసి, గాలి రావడం లేదేమిటని కింద కూర్చుని పైకి చూస్తుంటాడు. అమ్మ లేచి వెళ్లి మళ్లీ వేస్తుంది.

సాయంత్రం నేను ఇంటికి వచ్చి కాలింగ్ బెల్ ఒక్కసారే నొక్కుతాను. నొక్కి, చెయ్యి తీసి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడతాను. నడుము పట్టుకుని బాపు లేచి రావడానికి సమయం పడుతుంది. ఎంతైనా పట్టనీ. తలకు సబ్బుతో గావుకేక పెట్టిన ఆ పదో తరగతి పిల్ల గుర్తొచ్చి, గుమ్మం ముందు ఒక్కదాన్నే నవ్వుకుంటాను. లోపలి నుంచి చెప్పులీడ్చుకుంటూ వచ్చే చప్పుడు, దాని వెనకే అమ్మతో చెప్పే మాట వినిపిస్తుంది.

"ఒక్కసారే మోగింది. బిడ్డ వచ్చింది."